నిండా పోసిన ఖహ్వా

"నేను పొయ్యను."

సమీయుల్లా అద్దంలో చూసుకుంటూ తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. ఆ మాట అనడం ఇది మూడోసారి.

ఖుష్నుమా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో ఖహ్వా కూజా, అరబ్బుల కాఫీ పోసేది. తాత జహీరుద్దీన్ మస్కట్ పక్కన మత్రాలో కాంపౌండరుగా కుదిరినప్పుడు మొదటి జీతంతో కొన్న పొడుగుముక్కు ఇత్తడి కూజా అది. పొద్దుటి నుంచీ చింతపండుతో తోమి తోమి దాన్ని బంగారంలా చేసింది.

"సాయంత్రం అసర్ నమాజు అయిపోతానే బయల్దేరినారంట. ఇంగ దారిలో ఉంటారు."

"రానీ."

"ఇంటి మగోడు నిలబడుకొని పోసేది ఈడి మర్యాద. నువ్వు పొయ్యకుంటే ఎవరు పోస్తారు?"

"ఎవరి కోసం వస్తాండారో వాళ్ళే పోసుకోవాల."

"రేపు సభలో కూర్చోవాల్సిన ఆడది కూజా పట్టుకొని ఎదురుగా నిలబడిందనుకో, వాళ్ళకు కూజానే గుర్తుంటాది. మనిషి గుర్తుండదు."

సమీయుల్లా చేతులు తలగుడ్డ మీద ఆగిపోయాయి. అద్దంలోనే ఆమె వైపు చూశాడు.

"ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు.

ఖుష్నుమా నాలుక కరుచుకుంది. అనకూడని చోట అనకూడని మాట పడింది.

మూడేళ్ళ కిందట, తొంభై ఒకటిలో, ఒమన్ దేశానికి కొత్తగా షూరా అనే సలహా సభ ఏర్పడినప్పుడు ప్రతి ఊరి పెద్దలూ కూర్చుని తమ తరఫున పేర్లు పంపారు. ఆ చలికాలమంతా సమీయుల్లా షేక్ హమ్దాన్ ఇంటి కూటాలకు వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ అడక్కుండానే కూజా అందుకుని వచ్చినవాళ్ళందరికీ ఖహ్వా పోశాడు. పేర్లు తేల్చే రోజున షేక్ లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. పిలవబోయేది తన పేరే అనుకున్నాడు సమీయుల్లా.

"నీ చెయ్యి చాలా మంచిది, సమీయుల్లా. మన సీబ్ ఊరు మొత్తంలో నీ అంత బాగా ఖహ్వా పోసేవాడు లేడు," అని, షేక్ అటు తిరిగి ఇంకెవరి పేరో పిలిచాడు.

ఆ రోజు నుంచి సమీయుల్లా ఎవరింట్లోనూ కూజా ముట్టుకోలేదు.

ఇప్పుడు అదే షేక్ హమ్దాన్ తన ఇంటికి వస్తున్నాడు. తన కోసం కాదు. ఈసారి మస్కట్ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కూడా సభకు నిలబడవచ్చని ప్రకటన వచ్చింది. వచ్చిన వారంలోనే ఊళ్ళో ఒక పేరు వినిపించింది. టీచర్ ఖుష్నుమా.

"నేనడిగినానా నా పేరు చెప్పమని?" అంది ఖుష్నుమా మెల్లగా.

"అడగలేదు. అదే కదా నా కడుపుమంట. నేను అడిగి అడిగి చచ్చినా ఆ పదవి రాలేదు. నువ్వు అడక్కుండానే ఇంటి ముందరికి కార్లలో వస్తాండాది."

"కడుపుమంట అని నీ నోటితోనే ఒప్పుకుంటాండావు."

"నీ దగ్గర దాచేదేముంది? చిన్నప్పటి నుంచీ చూస్తాండావు నన్ను."

ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగి, పెళ్ళి చేసుకున్నవాళ్ళు. జహీరుద్దీన్‌కు ఆమె కొడుకు కూతురు, అతను కూతురు కొడుకు. ఆమె ఇక్కడే పుట్టింది. అతన్ని పదేళ్ళప్పుడు తాత కడప నుంచి పిలిపించుకున్నాడు. తాతకూ, తాత వెంట వచ్చిన అల్లుడికీ ఈ దేశపు కాగితాలు దక్కాయి. మనవలు ఒమనీలు అయ్యారు. కానీ సంతలో ఎప్పుడైనా మాట పెరిగితే చాలు, 'మీ తాత ఏ ఓడలో దిగాడు?' అని అడిగేవాడు ఒకడు ఉంటూనే ఉంటాడు.

ఖుష్నుమా కూజాను అతని ముందున్న బల్ల మీద పెట్టింది.

"ఈ ఒక్కసారికి, సమీ. తర్వాత నిన్ను ఏదీ అడగను."

అతను మళ్ళీ అద్దం వైపు తిరిగి తలగుడ్డ కొస దోపుకున్నాడు. ఆమె కొంచెంసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకుంది. అది ఆమె చేసిన మొదటి పొరపాటు.

*

ముందుగదిలో మల్లేశం ఖర్జూరాల పళ్ళెం సర్దుతున్నాడు. జగిత్యాల నుంచి వచ్చి ఏడేళ్ళుగా సమీయుల్లా హార్డ్‌వేర్ గోదాములో పికప్ నడుపుతున్నాడు. ఇంట్లో ఏ పనున్నా అతనే.

"మా ఊర్ల సర్పంచు ఎలక్షన్లంటే మూడొద్దులు సారా వోస్తరు సేటు," అన్నాడు నవ్వుతూ. "గీడ గింత కాఫీ తోనే పనైతది. మస్తు సస్త ఎలక్షను."

సమీయుల్లా నవ్వలేదు.

"కాఫీ నేను వోస్తనా? మీరు పెద్దమనుషులతోని ముచ్చట పెట్టున్రి. నేను సైట్ల మీద మస్తుసార్లు వోసిన."

"వద్దు. నువ్వు బర్కా రోడ్డుకు పోయి హల్వా పట్టుకురా."

"హల్వా ఉన్నది గదా. పొద్దుగాల్నే తెస్తిని."

"అది చాలదు. ఇంకో డబ్బా తే."

మల్లేశం లోపల ఉన్న డబ్బా వైపు ఒకసారి, యజమాని మొహం వైపు ఒకసారి చూశాడు. నలుగురు తిన్నా మిగిలేంత డబ్బా అది.

"పోతా తియ్యి," అన్నాడు తాళాలు అందుకుంటూ. "టీచరమ్మకు మంచిగ జరగాలె సేటు. మొన్న రుస్తాఖ్ నుంచి పైపులు కొననీకి వచ్చినాయన గిట్ల, దుకాణం పేరు అడగలే. టీచరమ్మ మొగని దుకాణం ఏడ అని అడిగిండు. నేనే చూపెట్టిన."

మంచిమాట చెబుతున్నాననే అనుకున్నాడు పాపం. పికప్ శబ్దం సందు మలుపు తిరిగేదాకా సమీయుల్లా అక్కడే నిలబడ్డాడు.

టీచరమ్మ మొగడు.

ఇంటి గోడకు ఆనుకుని గోదాములో ఒక గది ఉంది. ఐదేళ్ళ కిందట ఖాళీగా ఉందని తనే ఇచ్చాడు. ఖుష్నుమా అక్కడ సాయంత్రాలు చుట్టుపక్కల ఆడవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. మనవలున్న ముసలమ్మలు పలకలు పట్టుకుని వచ్చారు. షేక్ హమ్దాన్ భార్య అరవై ఏళ్ళ వయసులో తన పేరు తాను రాసుకుని, ఆ పలక తుడవకుండా ఇంటికి తీసుకుపోయి భర్తకు చూపించింది. ఊళ్ళో ఖుష్నుమా పేరు పుట్టింది ఆ గదిలోనే. రోజూ సాయంత్రం గోడ అవతల నవ్వులు వినిపిస్తాయి. సమీయుల్లా దగ్గితే ఆగిపోతాయి.

వంటింట్లోంచి తల్లి గొంతు వినపడింది.

"ఇది కాఫీనా మే, కషాయమా? పాలు లేవు, చక్కెర లేదు. యాలక్కాయ వాసన తప్ప ఏముండాది దీంట్లో?"

నఫీసా భర్త బతికినన్నాళ్ళూ కడపలోనే ఉండి భూమి చూసుకుంది. సముద్రం దాటడం ఇదే మొదలు. పోయిన నెల దిగింది. అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఎవరేమన్నా కోడలి మొహం చూస్తుంది, ఆమె తెలుగులో చెప్పాక నవ్వాలో వద్దో తేల్చుకుంటుంది.

"ఇదే తాగుతారు ఫుప్పూ ఈడ," అంటోంది ఖుష్నుమా. మేనత్తే అత్తగారు కావడంతో పిలుపు మారలేదు.

"కప్పు చూడు, ఉగ్గుగిన్నె మాదిరి. పెద్దమనుషులు వస్తాంటే పెద్ద గ్లాసులు లేవా ఇంట్లో?"

"నువ్వు గమ్మున కూర్చో. పోసేది నీ కొడుకు. వానికి బాగా తెలుసు."

సమీయుల్లా ఆ మాట విన్నాడు.

*

షేక్ హమ్దాన్ వెంట ఇద్దరు పెద్దలు వచ్చారు. ఒకాయన చేతిలో సన్నటి బెత్తం. ముగ్గురూ చెప్పులు వదిలి, తివాచీ మీద గోడవార దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. ఖుష్నుమా ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాలో, కిటికీ పక్కన కొంచెం ఎడంగా కూర్చుంది.

"వార్తలేమిటి?" అన్నాడు షేక్ అరబ్బీలో. వచ్చినవాళ్ళు అడగాల్సిన మొదటి మాట అది.

"అన్నీ మంచి వార్తలే. మీ దగ్గర?" అన్నాడు సమీయుల్లా.

"మంచివే. దేవుడి దయ."

వానలు, ఖర్జూరం కాపు, ఖురియాత్ దాకా పడుతున్న కొత్త రోడ్డు, అన్నీ అయ్యాయి. ఖర్జూరాలు చేతులు మారాయి. ఇక ఖహ్వా రావాలి.

పెద్దలు కూజా వైపు చూశారు.

ఖుష్నుమా భర్త వైపు చూసింది. అతను తివాచీ మీది పూవును చూస్తున్నాడు. కూజా అతనికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. బెత్తం పట్టుకున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

తలుపు దగ్గర ముసుగు సర్దుకుంటూ నఫీసా ఇదంతా చూస్తోంది. ఇంటికొచ్చిన మనుషులు నోళ్ళెండి కూర్చుంటే ఆమె ఎంతసేపు ఓర్చుకుంటుంది?

"ఏమిరా సమీ, రాయి మాదిరి కూర్చున్నావు?" అని తెలుగులో మందలిస్తూ, అతిథుల వైపు ఆదరంగా నవ్వుతూ లోపలికి వచ్చి కూజా ఎత్తింది.

ఖుష్నుమాకు తేలికపడింది. ఎవరో ఒకరు పోస్తే చాలు. నఫీసా షేక్ ముందు వంగింది. ఆమె వీపు అడ్డం రావడంతో ఖుష్నుమాకు కప్పు కనిపించలేదు.

సమీయుల్లాకు కనిపించింది.

ఖహ్వా సన్నటి ధారగా కప్పులోకి దిగింది. అడుగు నిండింది. సగమైంది. అక్కడ ఆగాలి. నిజానికి అంతకు ముందే ఆగాలి. ధార ఆగలేదు.

ఈ ఊళ్ళో ఖహ్వా రెండు గుక్కలే పోస్తారు. అయిపోతే మళ్ళీ పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోస్తారు. అలా పోస్తున్నంతసేపూ అతిథిని కూర్చోమని అర్థం. అంచుదాకా ఒకేసారి నింపి ఇస్తే, ఇది తాగి లేచి పొమ్మని అర్థం. పదేళ్ళప్పుడు, ఈ దేశానికి వచ్చిన కొత్తలో, సమీయుల్లా ఇదే కూజాతో ఎవరికో నిండా పోశాడు. తాత చేతి మీద ఒక్కటి వేశాడు. ఆ దెబ్బ ఇంకా గుర్తుంది.

'చాలమ్మా' అంటే చాలు. తెలుగులో అంటే అక్కడ ఎవరికీ అర్థం కూడా కాదు. తల్లి చెయ్యి ఆగిపోయేది.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సమీయుల్లా పళ్ళు బిగించాడు.

నఫీసా మొదటి కప్పు అంచుదాకా నింపి, ఒక్క చుక్క ఒలకకుండా, రెండు చేతులతో షేక్‌కు అందించింది. రెండో కప్పు నింపింది. మూడోది నింపింది. కడపలో నలుగురు మెచ్చే ఇల్లాలి మొహం పెట్టుకుని పక్కకు జరిగింది.

అప్పుడు చూసింది ఖుష్నుమా.

మూడు కప్పులు. మూడూ నిండుగా, అంచుల మీద నురగ వణుకుతూ.

బెత్తం ఉన్న పెద్దాయన కప్పును కింద పెట్టి బెత్తాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఇంకో ఆయన మడిచిన కాలు చాపి లేవడానికి సిద్ధమయ్యాడు. షేక్ హమ్దాన్ మాత్రం కప్పు చేత్తో పట్టుకుని, బావిలోకి చూసినట్టు దాన్నే చూస్తున్నాడు.

ఖుష్నుమా వాళ్ళ వైపు చూడలేదు. భర్త వైపు చూసింది.

సమీయుల్లా అప్పుడే గమనించినట్టు కనుబొమలు పైకెత్తాడు. ఆలస్యంగా ఎత్తాడని అతనికే తెలిసింది.

"ఫుప్పూ," అంది ఖుష్నుమా తెలుగులో, నవ్వుతూ. "నాకూ పొయ్యి. నిండా పొయ్యి."

"నువ్వు తాగవు కదా మే ఇది?"

"ఈ రోజు తాగుతా."

నఫీసా మురిసిపోతూ పోసింది. ఖుష్నుమా ఆ నిండు కప్పును అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది. అరబ్బీలో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"షేక్, ఈ కప్పుకు మీ దగ్గర ఏ అర్థం ఉందో నాకు తెలుసు. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. పోసినామె మా మేనత్త, కడప నుంచి వచ్చింది. మా తాత ఊరు అది. అక్కడ అతిథికి సగం కప్పు ఇస్తే సగం మనసుతో పిలిచారంటారు. ఈ రోజు మా ఊరి పద్ధతిలో పొయ్యమని నేనే చెప్పాను."

సమీయుల్లా ఆమె వైపు తల తిప్పాడు. అబద్ధం. కళ్ళు ఆర్పకుండా చెబుతోంది.

"ఎందుకంటే, నా పేరు మీరు పిలిచిన రోజున ఎవరో ఒకరు లేచి, ఆమె తాత బయటివాడు కదా అంటారు. ఆ మాట అక్కడ నలుగురిలో వినేకంటే ఇక్కడే తేల్చుకోండి. ఇది తాగగలిగితే నా పేరు పిలవండి. తాగలేకపోతే లేచి వెళ్ళండి. నేనేమీ అనుకోను."

కప్పు నోటికి పెట్టుకుని ఒక్క గుక్కలో తాగేసింది. సెగకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

లేవబోయిన పెద్దాయన కాలు మళ్ళీ మడిచాడు.

తాత బయటివాడన్న మాటను మూడేళ్ళుగా సమీయుల్లా ఎక్కడెక్కడో దాచుకుని తిరిగాడు. ఎవరైనా ఎత్తితే మాట మార్చాడు, పెళ్ళిళ్ళలో పేరు చెప్పేటప్పుడు తాత ఊరు మింగేశాడు. ఈమె దాన్ని కప్పులో పోసి వాళ్ళ చేతికే ఇచ్చింది. అదీ తను తవ్విన గోతిలో నిలబడి. ఇలాంటి మాట ఒక్కటంటే ఒక్కటి ఆ చలికాలమంతా తనకు తట్టలేదు.

నిన్నటిదాకా ఆమెకు దక్కుతున్నది అదృష్టమనుకున్నాడు. కాదని ఇప్పుడు తెలిసింది. అది మరీ మండింది.

షేక్ హమ్దాన్ కప్పు పెదవుల దాకా తీసుకెళ్ళాడు. అందరూ చూస్తున్నారు.

తాగలేదు. తివాచీ మీద తన ముందు పెట్టాడు.

"ఏమైంది మే? వేడి చాలలేదా?" అంది నఫీసా.

"లేదు ఫుప్పూ. అతిథి తాగకుండా కప్పు ముందర పెట్టినాడంటే ఏదో అడగబోతాండాడని. అది ఇస్తామని మనం ఒప్పుకుంటేనే తాగుతాడు."

"నా కోరిక నీ దగ్గర కాదు, టీచర్," అన్నాడు షేక్. "సమీయుల్లా దగ్గర."

సమీయుల్లా తలెత్తాడు.

"భార్య నిలబడటం నీకు ఇష్టం లేదని సంతలో మాట నడుస్తోంది. నిజమో కాదో చూసిపోదామని వచ్చాను. మూడు కప్పులు నిండాయి. మూడూ నీ కళ్ళెదుటే నిండాయి." షేక్ కొంచెం ఆగాడు. "నువ్వు నా ఇంట్లో ఎంత బాగా ఖహ్వా పోసేవాడివో నేను మరిచిపోలేదు."

ఖుష్నుమా కలగజేసుకోబోయింది. షేక్ చెయ్యెత్తాడు.

"తనే అలా పొయ్యమన్నానని ఆమె చెప్పింది. ఆ మాటకు విలువ ఇస్తాను. నిన్ను వేరే ఏమీ అడగను. శుక్రవారం నమాజు అయ్యాక కూటంలో ఆమె పేరు మొదట నీ నోటి నుంచి రావాలి. నువ్వు లేచి పలికితే మేమందరం నీ వెనక లేస్తాం. నువ్వు కూర్చుంటే, మొగుడు కాదన్న ఆడదాని కోసం ఈ ఊళ్ళో ఎవడూ లేవడు."

"ఏమంటాండాడు?" నఫీసా కోడలి మొహం చూసింది.

"నీ కొడుకు నోటితో నా పేరు చెప్పాలంట ఫుప్పూ. చెప్తేనే అంట."

"అంతేనా? చెప్తాడు. వానికేం రోగం?"

ఖుష్నుమా భర్త వైపు తిరిగింది. అతిథులకు నవ్వుతున్నట్టే కనిపించే మొహంతో, తెలుగులో, గొంతు తగ్గించి, అతనికి మాత్రమే తగిలేలా అంది.

"నువ్వు చూసినావు. చూసి గమ్మునున్నావు. అది మన ఇద్దరి మధ్య ఉండనీ, బతికినన్నాళ్ళు ఎత్తను. ఒప్పుకో, సమీ."

అడుగుతోందా, బెదిరిస్తోందా? అతనికి తేలలేదు. క్షమిస్తోందేమో అన్న ఆలోచన వచ్చి, అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

సమీయుల్లా లేచాడు.

తల్లి చేతిలోంచి కూజా తీసుకున్నాడు. షేక్ ముందున్న నిండు కప్పును పక్కనున్న గిన్నెలోకి ఒంపేశాడు. ఎడమచేత కూజా ఎత్తి, కుడిచేత కప్పు పట్టి, అంచుకు చాలా కిందుగా, రెండు గుక్కలకు సరిపడా పోశాడు. ధార తెగిన చప్పుడు కూడా రాలేదు. మూడేళ్ళయినా చెయ్యి మరిచిపోలేదు.

పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపారు. ఖుష్నుమా భుజాలు సడలాయి.

షేక్ కప్పు అందుకున్నాడు. తాగలేదు.

"మాట?" అన్నాడు.

"ఇస్తాను. శుక్రవారం ఆమె పేరు నేనే పలుకుతాను."

"దేవుడు నీకు మేలు చేస్తాడు."

"కానీ నాదీ ఒక షరతు ఉంది."

షేక్ కప్పు సగం దారిలో ఆగింది.

"ఆమె చదువు చెప్పే గది నా గోదాములోది. శనివారం నుంచి అది నాకు కావాలి. దేశపు సభలో కూర్చునే మనిషికి పలకల మీద అక్షరాలు దిద్దించే తీరిక ఎలాగూ ఉండదు. ఆ చదువు మానేస్తానని, ఇక్కడ కాదు ఇంకెక్కడా చెప్పనని, ఆమె ఇప్పుడే మీ ముందు మాట ఇవ్వాలి. ఆమె మాట ఇస్తే నా మాట మీది."

పెద్దలిద్దరూ ఖుష్నుమా వైపు తిరిగారు.

గోడ అవతల తలుపు తెరిచిన చప్పుడైంది. సాయంత్రం చదువుకు ఆడవాళ్ళు వస్తున్నారు. చాపలు పరుస్తున్నారు. ఎవరో ఏదో అన్నారు, ఒక ముసలి గొంతు పకపకా నవ్వింది. ఆ నవ్వుకు షేక్ హమ్దాన్ తల చటుక్కున గోడ వైపు తిరిగింది. నలభై ఏళ్ళుగా ఆ నవ్వు ఆయన ఇంట్లోదే.

సమీయుల్లా కూజా పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఈసారి దగ్గలేదు.

"ఇప్పుడేమన్న్యాడు మే వాడు?" నఫీసా అడిగింది. కొడుకు చేతిలో కూజా చూసి ఆమె మొహం సంతోషంతో విప్పారి ఉంది. "ఒప్పుకున్యాడా? చెప్పు మే. ఏమన్న్యాడు?"

ఆమె ఈ దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచి, మొదటిసారి ఖుష్నుమా ఆమెకు తెలుగులో ఏమీ చెప్పలేదు.